ఎత్తుకు రేటెంత?

ఈమధ్య ఎవరు ఫ్లాటు చూపించినా ముందు తలెత్తి పైకి చూడమంటున్నారు. చూస్తాం. పైన ఏముంటుంది? కప్పే. కాకపోతే ఇంకో అంతస్తు ఎత్తున ఉంటుంది. "డబుల్ హైటండీ, రేపు అమ్మాలన్నా దీనికే క్రేజు" అంటాడు బ్రోకరు, ఆ కప్పును తనే ఎత్తి పట్టుకున్నట్టు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. క్రేజున్న మాట నిజమే. కానీ క్రేజు వేరు, చేతికొచ్చే డబ్బు వేరు.

హైదరాబాదులో ఫ్లాటు బేరమంతా ఎస్సెఫ్టీ లెక్కమీద నడుస్తుంది. ఎస్సెఫ్టీకి పొడుగూ వెడల్పూ తెలుసు గానీ ఎత్తు తెలియదు. రిజిస్ట్రేషన్ దస్తావేజు తిరగేయండి. ప్లింత్ ఏరియా ఉంటుంది, నేలలో మన వాటాకొచ్చే గజాలుంటాయి, కారు పార్కింగు ఉంటుంది, నాలుగు హద్దులుంటాయి. కప్పు ఎత్తెంతో ఎవడూ రాయడు. గోడలు తీసేసి ఓపెన్‌గా కట్టారు కదా, దానికేమైనా కలిసొస్తుందా అంటే, అదీ లేదు. 2016 నాటి రెరా చట్టం కార్పెట్ ఏరియాలోంచి బయటి గోడల్ని తీసేసింది గానీ లోపలి అడ్డగోడల మందాన్ని లెక్కలోనే ఉంచింది. హాలుకీ వంటింటికీ మధ్య గోడ కట్టినా మానినా కాగితం మీద ఇల్లు ఒక్క అంగుళం పెరగదు. పెరిగేది చూపు.

చూపుకు విలువ లేదనను. పక్కపక్కన రెండు ఫ్లాట్లు అమ్మకానికుంటే గాలీ వెలుతురూ ఆడే హాలున్నదే ముందు తెగుతుంది. ముందు తెగడమంటే ఎక్కువకు తెగడమని కాదు. ఎక్కువకు తెగాలంటే తూర్పు ముఖం కావాలి, ఆగ్నేయంలో పొయ్యి కావాలి, బిల్డింగుకు వయసు మీద పడకూడదు. ఈశాన్యంలో టాయిలెట్టుందంటే కప్పు ఎంతెత్తునున్నా వచ్చినవాడు చెప్పులేసుకుని వెళ్లిపోతాడు.

2007లో జోన్ మేయర్స్-లెవీ, రుయి జు అనే ఇద్దరు పరిశోధకులు కొందరిని 8 అడుగుల కప్పు కింద, కొందరిని 10 అడుగుల కప్పు కింద కూర్చోబెట్టి చూశారు. ఎత్తు కప్పు కింద ఉన్నవాళ్లకు ఆలోచన విచ్చలవిడిగా సాగిందట, తక్కువ ఎత్తున ఉన్నవాళ్లు చిన్నచిన్న వివరాలు పట్టి చూశారట. డబుల్ హైటు హాల్లో నిలబడ్డ పెద్దమనిషి నెలనెలా మెయింటెనెన్స్ ఎంతో అడగడం ఎందుకు మరిచిపోతాడో నాకప్పుడు బోధపడింది.

అక్కడ కాపురం పెట్టాక గుర్తొస్తాయి అన్నీ. ఏసీకి గది పొడుగూ వెడల్పుతో పాటు ఎత్తూ లెక్కే, అంత గాలినీ అదే చల్లబరచాలి. బల్బు మాడితే పరంజా కట్టాలి. సంక్రాంతికి బూజు దులుపుదామంటే ఏ కర్రా అందదు. ఓపెన్ కిచెన్ గురించి వేరే చెప్పాలా? ఎండుమిరపకాయల పోపు వేసే జాతి మనది. చేపల పులుసు వండిన మూడోనాటికి కూడా సోఫా దిండ్లు ఆ సంగతి చెబుతూనే ఉంటాయి. టెక్సాస్‌లో మనవాళ్లు ఎక్కువగా కొనే చోట్ల కొందరు బిల్డర్లు ఓపెన్ కిచెన్ వెనకాల తలుపేసుకునే స్పైస్ కిచెన్ ఇంకోటి కట్టిస్తున్నారు. అంటే మొదటిది చుట్టాలు చూడ్డానికి, రెండోది వండుకోడానికి. పోనీ ఇక్కడ మనమే గోడ తీయించుకుందామా? పాత అపార్టుమెంట్లలో అయితే ఇటుక గోడ కనక పని జరిగేది. ఇప్పటి టవర్లలో మివాన్ పద్ధతిలో గోడలన్నీ కాంక్రీటే, బరువు మోసేవీ అవే, మేకు దిగడమే గగనం.

ఇంతకంటే చిరాకు పెట్టే సంగతి ఇంకోటుంది. గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తుండాలని, ఏసీ గదికైతే 2.4 చాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. మామూలు ఫ్లాటులో శ్లాబు కింద తొమ్మిదిన్నర అడుగులు మిగలడం కద్దు. నిక్షేపంలాంటి ఎత్తది. గృహప్రవేశం కాకముందే జిప్సం బోర్డులు దింపి దాన్ని అరడుగు కుదించి, అంచుల్లో నీలం లైట్లు పెట్టిస్తారు. ఫాల్స్ సీలింగ్ అనేదాన్ని ఎవరు కనిపెట్టారో గానీ వాళ్లకి సామాను దాచుకునే అవసరం ఎప్పుడూ వచ్చినట్టు లేదు. ఆ బోర్డుమీద ఒక సూట్‌కేసు పెట్టగలమా? ఖాళీ జాడీ పెట్టగలమా? కనీసం పిల్లి పడుకున్నా ఆగుతుందని నమ్మకం లేదు.

ఎత్తంటే పైన అటక ఉండాలి. కోనసీమలో మా తాతగారిది మండువా లోగిలి. పెంకుల కింద వాసాలు, దూలాల మీద టేకు బల్లలు పరిచిన అటక. ఎండ పెంకులదగ్గరే ఆగిపోయేది, అటక మీది గాలి కొంత భరించేది, కిందికొచ్చేసరికి గది నిద్రపట్టేలా ఉండేది. ఆ ఎత్తు సంపాదించి పెట్టేది కూడా. ముదురు కొబ్బరికాయలు పీచుతోనే అటక మీద పోసి దాదాపు ఏడాది వదిలేస్తే లోపల నీళ్లింకి, కొబ్బరి ఎండి చిప్పనుంచి విడిపోయి కురిడీ అవుతుంది. కాయ చెవిదగ్గర పెట్టి ఊపితే లొడలొడమనాలి. ఆ ఊపే పని పిల్లలది. మోగినవి ఇటు, మోగనివి అటు. కురిడీలు అంబాజీపేట వెళ్లేవి, పచ్చికాయకంటే మంచి ధర పలికేవి.

కొబ్బరికాయల పక్కనే బొమ్మల కొలువు పెట్టె, పెళ్లిపీటలు, అట్లతద్దికి మాత్రమే కిందికి దిగే ఉయ్యాల బల్ల, ఎలుకలు సగం చదివేసిన పాత చందమామలు. మూలగా బోర్లించిన ఇత్తడి గంగాళం. దాన్ని దించడానికి ఇద్దరు మగవాళ్లు కావాలి, తోమడానికి మామ్మ ఒక్కతే చాలేది. పెళ్లిళ్లకి ఊరంతా అడిగి పట్టుకెళ్లేవారు. తిరిగొచ్చాక సొట్టలున్నాయేమోనని మామ్మ వేళ్లతో తడిమి చూసుకునేది.

ఇల్లు అమ్మినప్పుడు కొన్నాయన హాలు విశాలమని గానీ కప్పు ఎత్తని గానీ ఒక్క మాటనలేదు. వెంట ఒక వడ్రంగిని తెచ్చుకున్నాడు. ఆ మనిషి నిచ్చెనెక్కి దూలాలమీద గోరుతో గీకి, వాసన చూసి, టేపు పెట్టి ఘనపుటడుగులు లెక్కకట్టాడు. స్తంభాలకొక ధర, చెక్కుడుపని ఉన్న సింహద్వారానికొక ధర. ఇల్లు కలపగా అమ్ముడుపోయింది.

సామాను పంపకాల్లో ఎవరూ పోట్లాడుకోలేదని పెద్దవాళ్లు ఇప్పటికీ గొప్పగా చెబుతారు. నన్నడిగితే చెప్పేవాణ్ణి. గంగాళం నాకని మామ్మ అందరి ముందూ అన్నమాటే. నేను పరీక్షలని ఆగిపోయిన వారం చూసి మా పెదనాన్నగారబ్బాయి లారీలో వేయించుకుపోయాడు. పోయినేడు వాళ్లింటికి వెళితే బాల్కనీలో కనిపించింది. మట్టిపోసి మనీప్లాంటు పెట్టాడు. నీళ్లు నిలవకుండా అడుగున చిల్లు కూడా కొట్టించాడు.