శేషాద్రి రాతినెరియలలో బంగారు బల్లి

గోదావరి పాయల నడుమ పుట్టి పెరిగినవారికి శిల యనునది గుడిలోనే కనబడు వస్తువు. మా రామచంద్రపురము చుట్టుపట్ల నుయ్యి త్రవ్వినచో ఒండ్రుమన్నును ఇసుకయు తప్ప రాయి తగలదు. ద్రాక్షారామ భీమేశ్వరుని ప్రాకారమే మా బాల్యమున మేమెరిగిన కొండ. అట్టి సీమనుండి, రాయి లేనిదే బ్రతుకజాలని యొక ప్రాణిని చూడవలెనని నేను తిరుమలకు బయలుదేరగా, ఇంటివారు స్వామిదర్శనపు మాట మాత్రమే చెవిని వేసుకొని నాతో వచ్చిరి. రాజమండ్రిలో రైలెక్కి గోదావరిని సంజవేళ దాటితిమి. కృష్ణయు పెన్నయు మా నిద్రలోనే గడచిపోయినవి.

దర్శనానంతరము శిలాతోరణము దాటి, చక్రతీర్థపు దారిన, చీకటి పడువేళ, ఆ కొండ నెరిగిన యొక కావలివాని వెంట నడచితిని. చెమ్మతో చల్లగానున్న యొక రాతినెరియలోనికి నేను దీపము త్రిప్పగానే అతడు, “సామీ, లైటు మొగానికి కొట్టొద్దండి” అని వారించెను. ప్రక్కగా పడిన వెలుగులో, జానెడులోపు పొడవుగల మగబల్లి యొకటి పసుపుకొమ్మువలె మెరయుచు తలక్రిందుగా నిలిచియుండెను. దాని పైభాగమున రాతికప్పునకు గ్రుడ్లు గుంపులుగా అంటియుండెను; ఆడబల్లులు పెక్కు ఒక్కతావుననే గ్రుడ్లు పెట్టుట ఈ జాతి వాడుక.

మదరాసు అటవీశాఖకు చెందిన బెడ్డోమ్ దొర 1870లో దీనిని ఈ తిరుపతి కొండలనుండియే శాస్త్రలోకమునకు ఎరుకపరచెను. పిమ్మట నూఱేండ్లకు పైగా పండితులకు దాని జాడ దొరకలేదు. 1980ల దశకమున మరల ఇక్కడనే గుర్తింపబడి, తరువాత తూర్పుకనుమలలో మరికొన్ని తావుల అగపడినది. ఆ నూఱేండ్లును బల్లి ఎచటికిని పోలేదు; రాత్రివేళ నెరియలలోనికి తొంగిచూచు ఓపిక మనుష్యులకే లేకపోయినది కాబోలు. మెక్సికో కడలిలో శాన్ ఎస్తెబాన్ వంటి ఎడారి దీవికే కట్టుబడిన చక్‌వాలా యను పెద్దబల్లి జాతి యొకటి కలదు. దానికి ఎల్లలు సముద్రము గీయగా, ఈ బంగారు బల్లికి ఎండలో మాడు మైదానమే గీయుచున్నది. దీనికి మిగిలిన ఏకైక సోదరజాతి సింహళమునందున్నది.

బసకు వచ్చి ఇదంతయు వివరించితిని. ఇంటివారు సావధానముగా వినిరి. ఇంట బల్లిపాటు దోషములు పేరుకొన్నవనియు, అవి పోవుటకు కంచి వరదరాజస్వామి కోవెల కప్పులోని బంగారుబల్లిని ముట్టి తీరవలెననియు నిశ్చయించి, ఉదయపు బస్సునకు టికెట్లు కొనిరి. నాకును ఒకటి కొనిరి; కాదనలేదు.