నిలిచే ఇరుసు, తిరిగే చక్రం

ఈ మారు ఛందస్సూ కాదు, వ్యాకరణమూ కాదు. ఒక ఇనుప చక్రాన్ని గురించి వ్రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్ళు బడిలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడికి ఇనుముతో ఏమి పని అని మీరు అడగవచ్చు. నిజమే. నిన్నమొన్నటి దాకా నాకు తెలిసిన చక్రమల్లా చిత్రకవిత్వంలోని చక్రబంధమే. అవసరం వచ్చి నా చేత పానా పట్టించింది.

కిందటి సంవత్సరం నా శ్రీమతికి కుడి మోకాలి కీలు మార్పిడి జరిగింది. కుట్లు విప్పిన తరువాత వ్యాయామం నేర్పే అమ్మాయి ఇంటికి వచ్చి, కీలు బిగుసుకుపోకుండా ఉండాలంటే రోజూ రెండు పూటలా కదలని సైకిలు తొక్కాలని చెప్పింది. నడక సంగతి ఏమిటని నేనడిగితే, తాను మా ఇంటికి వచ్చిన దారి తలచుకుని ఆ అమ్మాయే నవ్వింది. మేముండేది పాతనగరంలో, గౌలిపురాలో. లాల్‌దర్వాజా నుంచి శాలిబండ వైపు ఒకసారి నడిచినవారికి వేరే చెప్పనక్కరలేదు. కాలిబాట ఉన్నచోట దుకాణం ఉంటుంది, లేనిచోట మోటారుసైకిలు ఉంటుంది. కొత్త మోకాలితో ఆ దారిన పొమ్మనడం ధర్మం కాదు. కనుక వసారాలో ఒక మూల సైకిలు వెలసింది.

అది ఏడు నెలలు బాగానే తిరిగింది. ఎనిమిదో నెలలో గరగర మొదలయింది. తరువాత చక్రం అటూ ఇటూ ఊగసాగింది. ఒకనాటి ఉదయం పెడలు సగం చుట్టులో ఠక్కున పట్టేసింది. ఆమె కేక నాకు పెరట్లోకి వినిపించింది. డాక్టరుగారు చూసి భయం లేదన్నారు గాని, ఆ తరువాత ఆమె సైకిలు దగ్గరకు పోవడానికి జంకింది. పది రోజులు తొక్కకపోయేసరికి, ఎంతో శ్రమపడి తెచ్చుకున్న వంపు తగ్గడం మొదలయింది. అమ్మిన దుకాణం వారిని అడిగితే, ఆ భాగం విడిగా రాదు, పాతది ఇచ్చి కొత్తది తీసుకోమన్నారు. కొత్తది కూడ లోపల అదే అమరిక గదా అంటే, వారి వద్ద జవాబు లేదు.

మా గల్లీ చివర ఒక లేత్ మిషను ఉన్నది. దాని యజమానిని అందరూ ఉస్తాద్ అంటారు, నేనూ అంతే. ఆయన ఇద్దరు కొడుకులూ నా దగ్గరే గుణింతాలు దిద్దారు. లేత్‌కు మన పాత మాట తరిమెన. కొయ్యనో లోహాన్నో తిప్పుతూ చెక్కడాన్ని తరిమెన పట్టడం అంటారు. ఈ సంగతి చెబితే ఉస్తాద్ ఆ మాటను రెండు మూడు మార్లు పలికి చూసి, "మేము ఖరాద్ అంటం, పంతులుగారూ. మీ మాట గూడ మంచిగనే ఉంది" అన్నాడు.

సైకిలు మూతను రివెట్లతో మూసివేశారు. వాటిని డ్రిల్లుతో తొలిచి తెరిస్తే లోపలి రహస్యం బయటపడింది. పోత ఇనుముతో చేసిన 9 కిలోల చక్రం. దానికి ఇరుసు అనదగినది లేదు; చట్రానికి ఒక పక్కన మాత్రమే వెల్డు చేసిన పొట్టి కడ్డీ. దాని మీద రెండు చిన్న బేరింగులు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. చక్రం బరువూ గొలుసు లాగుడూ రెండూ ఆ కడ్డీని వంచడానికే పనిచేస్తాయి. ఉస్తాద్ చూసి ఒక్క మాటలో తేల్చాడు: "ఈ చక్రం ఒంటికాలు మీద నిలబడ్డది సార్." పైగా బేరింగులను ఒకవైపు మూసి ఉన్న గుంతలోకి నొక్కి దిగ్గొట్టారు. వెనుక నుంచి కొట్టి తీయడానికి సందు లేదు. తయారుచేసినవాడికి ఇది సులభం; బిగించడం ఒక్క నిమిషం పని. బాగుచేసేవాణ్ణి గురించి మాత్రం ఆ కర్మాగారంలో ఎవరూ తలచిన జాడ లేదు.

ఇంతకూ ఈ చక్రం ఎందుకు? మన భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు దీనికి గతిపాలక చక్రం అని పేరు పెట్టాయి. నాకు నచ్చిన పేరు. గతిని పుట్టించదు, పాలిస్తుంది. పెడలు నిట్టనిలువుగా పైన ఉన్నప్పుడూ అడుగున ఉన్నప్పుడూ కాలి తొక్కుడుకు బలం ఉండదు. ఆ రెండు తావులలోనూ వేగం పడిపోకుండా బరువైన చక్రం కాపాడుతుంది. మా అమ్మ కుట్టు మిషను కింద ఉండే పెద్ద చక్రమూ, చెరుకురసం బండికి ఉండే చక్రమూ చేసే పని ఇదే. కుమ్మరి సారె వీటన్నిటికీ పెద్దక్క. కుండను దించిన తరువాత కూడ సారె కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది గదా. జ్ఞానం కలిగిన తరువాత కూడ దేహం కొంతకాలం నిలిచి ఉండడానికి సాంఖ్యకారిక చక్రభ్రమణాన్నే దృష్టాంతంగా చూపింది.

ప్రాచ్యకళాశాలలో మేము చదివిన తర్కసంగ్రహం కూడ ఇక్కడ గుర్తుకు వచ్చింది. దాని కర్త అన్నంభట్టు మన ఆంధ్రుడే. ఆయన సంస్కారాన్ని మూడు విధాలుగా చెప్పాడు: వేగం, భావన, స్థితిస్థాపకం. కదిలిన వస్తువును కదలనిచ్చేది వేగం. అనుభవించినదాన్ని తిరిగి స్మరింపజేసేది భావన. లాగి విడిచిన దాన్ని మళ్ళీ మొదటి స్థితికి తెచ్చేది స్థితిస్థాపకం. ఈ మూడవదాన్నే మన సైన్సు మాస్టర్లు స్థితిస్థాపకత అని నేటికీ పిల్లలకు చెబుతున్నారు, అది ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా. చక్రంలోని వేగమూ మనిషిలోని జ్ఞాపకమూ ఒకే గూటి పక్షులని తర్కపాఠంలో విన్నప్పుడు అదేదో కల్పన అనుకున్నాను. ఆగిన పెడలు నా శ్రీమతి మోకాలికి ఎన్నాళ్ళు గుర్తున్నదో చూసిన తరువాత ఆ వర్గీకరణ మీద గౌరవం పెరిగింది.

వ్యాయామానికి చక్రాన్ని తగిలించడం కొత్త సంగతి కాదు. 1796లోనే ఇంగ్లండులో ఫ్రాన్సిస్ లౌండ్స్ అనే ఆయన జిమ్నాస్టికాన్ అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. కొయ్య పెడళ్ళు, వాటికి చక్రాలు. అది కూడ కీళ్ళు పట్టేసినవారి కోసమే.

ఉస్తాద్ మొదట చెప్పిన ఉపాయం ప్లమ్మర్ బ్లాకులు. పిండిమరలలో మీరు చూసే ఉంటారు, బేరింగును కడుపులో పెట్టుకుని రెండు బోల్టులతో కూర్చునే పోత ఇనుప దిమ్మెలు. 20 మిల్లీమీటర్ల కడ్డీని చక్రంలో గట్టిగా బిగించి, అటొక దిమ్మె ఇటొక దిమ్మె పెడితే కడ్డీ, చక్రం కలిసి తిరుగుతాయి. ఆ దిమ్మెలలోని బేరింగు వీపు గుండ్రంగా ఉండడం వల్ల, వెల్డింగు కొంచెం వంకరపోయినా అది తనను తాను సర్దుకుంటుంది. మంచి గుణమే. కాని వెడల్పు ఎక్కువ. మోడళ్ళు బల్ల మీద పెట్టి చూస్తే, పెడలు తిరిగే దారిలో చీలమండకు దిమ్మె తగిలేటట్లున్నది. కడ్డీలో చక్రం జారకుండా గాడి చెక్కి మేకు కొట్టాలి. అది మరొక పని, మరొకనాడు వదులయ్యే మరొక భాగం.

అప్పుడు నాకు మా ఊరి ఎడ్లబండి గుర్తుకు వచ్చింది. బండికి ఇరుసు తిరగదు. ఇరుసు నిలిచి ఉంటుంది, దాని మీద చక్రపు కుండ తిరుగుతుంది, జారకుండా కడచీల కాపాడుతుంది. గల్లీలో పోయే మామూలు సైకిలు వెనుక చక్రం కూడ అంతే. ఈ మాట అనగానే ఉస్తాద్ దిమ్మెలను పక్కకు నెట్టి సుద్దముక్క అందుకున్నాడు. తరువాతి బొమ్మ అంతా నేల మీదనే నడిచింది.

అమరిక ఇది. చట్రానికి ఇరువైపులా 6 మిల్లీమీటర్ల మందం గల రెండు పలకలు. ఒక్కొక్క పలకలో ఒక అడ్డగాడి. గాడి నోరు పెడళ్ళకు ఎదురుదిక్కున ఉండాలి. గొలుసు ఇరుసును గాడి లోపలికి లాగాలే గాని నోటి వైపు లాగకూడదు. అప్పుడు నట్టు వదులయినా చక్రం ఒళ్ళోకి రాదు. ఇరుసు నడిమి భాగం 17 మిల్లీమీటర్లు, కొసలకు మర. చక్రం కుండలో 6203 రకం బేరింగులు రెండు, వీలయినంత ఎడంగా. లోపలి రంధ్రం 17, వెలుపలి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. రాణిగంజ్ పోనక్కరలేదు, స్కూటర్ల విడిభాగాలు అమ్మే చోట కూడ దొరికేది. కుండ రంధ్రం ఈ కొస నుంచి ఆ కొసకు పారుగా ఉన్నది కనుక, పాత బేరింగును కడ్డీతో తట్టి తీయవచ్చు. గొలుసు బిగువుకు సైకిలుకుండే మరచీలలే రెండు, పక్కకొకటి. రెండింటినీ సమానంగా తిప్పితే ఇరుసు వంకరపోదు. విప్పడానికి రెండు పానాలు చాలు.

ఇందులో కంటికి ఆనని ముఖ్యమైన భాగం ఒకటున్నది. రెండు బేరింగుల లోపలి వలయాల నడుమ ఇరుసు మీద ఒక గొట్టం. అది లేకుండా నట్లు బిగిస్తే వలయాలు ఒకదాని వైపు ఒకటి నొక్కుకుని గుండ్లు నలుగుతాయి. గొట్టం వెంట్రుక వాసి పొట్టి అయినా అంతే. ఉస్తాద్ దాన్ని నాలుగు మార్లు లేత్‌కు ఎక్కించి దించాడు. నాకది యడాగమం లాగ తోచింది. మా అమ్మ అన్నప్పుడు సంధి లేకపోతే నడుమ యకారం వచ్చి మాయమ్మ అవుతుంది గదా, రెండు అచ్చులు ఢీకొనకుండా. దానికి స్వంత అర్థం లేదు, కాని అది లేకపోతే పలకడం కుదరదు. ఈ పోలిక ఉస్తాద్‌కు వివరించే ప్రయత్నం చేయలేదు. ఆయన కొడుకు మాత్రం విని నవ్వాడు.

పేచీ వచ్చినది ఫ్రీవీలు దగ్గర. చక్రాన్ని పెడళ్ళకు తిన్నగా కట్టివేస్తే బలం లేని తావులలో చక్రమే కాలిని మోసుకుపోతుంది, తొక్కడం నునుపుగా ఉంటుందని ఉస్తాద్ వాదం. జిమ్ములలోని సైకిళ్ళు అట్లాగే ఉంటాయి. అది ఆరోగ్యవంతుల మాట. మోకాలు నూరు డిగ్రీలకు పైగా వంగితే గాని పెడలు పూర్తి చుట్టు తిరగదు. వంపు తగ్గినప్పుడు కాలిని ముందుకూ వెనక్కూ ఊపుతూ కొంచెం కొంచెంగా తెచ్చుకోవాలి. కట్టివేసిన 9 కిలోల చక్రం వెనక్కు రానివ్వదు, ఆపుదామంటే ఆగదు. వాదన ముదిరేసరికి వసారాలో కూర్చున్న శ్రీమతి, "ఏమండీ, తొక్కేది నేను. నేను ఆపితే ఆగాలి" అన్నది. మామూలు సైకిలు ఫ్రీవీలు వేశాం.

బరువు విషయంలో మరొక చర్చ. పురానాపూల్ దగ్గరి జుమేరాత్ బజారులో పాత ఇంజను చక్రం దొరుకుతుందనీ, ఇంకా బరువుది వేద్దామనీ ఉస్తాద్ ఉత్సాహం. బడిలో నా పక్క కుర్చీలో కూర్చున్న భౌతికశాస్త్రం మాస్టరుకు ఫోను చేశాను. చక్రంలో నిలువ ఉండే శక్తి బరువుతో పాటు అంతే పెరుగుతుంది గాని, వేగం రెట్టింపయితే నాలుగు రెట్లవుతుందని ఆయన జ్ఞాపకం చేశారు. ముందు 48 పళ్ళు, వెనుక 16 పళ్ళు పెడితే పెడలు ఒక చుట్టుకు చక్రం మూడు చుట్లు తిరుగుతుంది. బరువు పెంచి ఇరుసును శిక్షించడం కంటె ఇది మేలని ఉన్న చక్రాన్నే ఉంచాం. అడ్డుపాటుకు అంచు మీద నమ్దా ముక్క, దాన్ని నొక్కే ఒక మర.

ఈ రోజులలో నాకు తరచుగా గుర్తుకు వచ్చినవారు చింతకింది మల్లేశంగారు. ఆలేరు ప్రాంతంలో చేనేత ఇంట పుట్టి, ఆసు పోసిపోసి తల్లి పడే భుజాల నొప్పి చూడలేక 1999 నాటికి ఆసుయంత్రం తయారుచేశారు. తల్లి పేరే దానికి పెట్టి లక్ష్మీ ఆసుయంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పనికీ మా పలకల పనికీ పోలిక లేదు. ఏనుగు ఎదుట చీమ. కాని ఒక ఒంటి నొప్పిని దగ్గరగా చూసినవాడు యంత్రాన్ని చూసే తీరు వేరని నాకు ఆయన కథ వల్ల తెలిసింది.

బిగించిన రోజు సాయంత్రం ఆమె సైకిలెక్కలేదు. మరునాడూ ఎక్కలేదు. మూడవనాడు నేను కూరలకు పోయి వచ్చేసరికి వసారాలోంచి ఫ్రీవీలు టిక్కుటిక్కు మంటున్నది. నేను గుమ్మం బయటే కొంతసేపు నిలబడ్డాను. చప్పుడు ఆగుతున్నది, మళ్ళీ మొదలవుతున్నది. చుట్టు పూర్తి కావడానికి మరో వారం పట్టింది.

మిగిలినది మూత. మూత పెడితే మళ్ళీ ఎవరూ తెరిచి చూడరని ఉస్తాద్‌కు అయిష్టం. కాని గొలుసు పక్కన చీర కుచ్చెళ్ళు గలవారు కూర్చోవాలి. ఆఖరికి పదిహేను కిలోల నూనెడబ్బా కోసి గొలుసునూ చక్రాన్నీ కప్పేటట్లు తొడుగు చేసి, చేతితో తిప్పి విప్పగల చెవుల నట్లతో బిగించాడు. రేకు మీద వేరుశనగకాయల బొమ్మ బయటికి కనిపిస్తున్నది. ఇంటికి వచ్చినవారి ఎదుట బాగుండదు, తిరగేసి బిగించమని ఆమె అంటున్నది. ఉస్తాద్ శుక్రవారం నమాజు తరువాత వస్తానన్నాడు.