హీలియోస్‌తో కొల్లేటి పొద్దు

మండవల్లి నుంచి కొల్లేటి వైపు వెళ్లేటప్పుడు ఈమధ్య నా సంచిలో ఉండేది ఒకటే లెన్సు. సోవియట్ కాలపు హీలియోస్ 44-2. 58 ఎంఎం, ఎఫ్/2. జర్మనీ వాళ్ల జైస్ బయోటార్ నమూనా మీద తయారైంది. చిన్న అడాప్టర్ పెడితే ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాకీ పట్టేస్తుంది. ఫోకస్, అపర్చర్ రెండూ చేత్తో తిప్పుకోవాల్సిందే. అదే నాకిష్టం.

ఆటపాక గూడకొంగలకి ఇది చాలదు, అంత దూరం అందదు. కానీ తాటిదోనె మీద గెడ వేస్తున్న మనిషిని ఒడ్డు నుంచి తీసి చూడండి! వెనకాల ఆకుల సందుల్లోంచి వచ్చే వెలుగంతా సుడి తిరుగుతుంది. ఎదురెండ పడితే రంగులు కాస్త వెలుస్తాయి. పొద్దుటి మంచుకి అది ఎంత బాగా నప్పుతుందో!

ఇదే లెన్సు పాత కెమెరాకి పెట్టి ఫిల్ము ఎక్కిస్తే ఇంకా ఆనందం. ఉన్నవి 36 ఫ్రేములే కాబట్టి కొంగ రెక్క విప్పేదాకా ఓపిగ్గా ఆగుతాం. ఎండ బాగా కాస్తే మీటరూ అక్కర్లేదు: 100 ఐఎస్ఓ ఫిల్ముకి ఎఫ్/16, షట్టరు 1/125.

అటకల మీద యాషికా, జెనిత్ లాంటి పాత ఫిల్ము కెమెరాలుంటే పారెయ్యకండి. పొడిచోట పెట్టండి, మన కొల్లేటి తేమకి లెన్సులు బూజు పట్టేస్తాయి. కైకలూరు, ఏలూరు వైపు ఎవరైనా ఇంకా వాడుతుంటే చెప్పండి, ఒక పొద్దున్నే కలిసి వెళ్దాం.