చీటీ లెక్కలో ఇరవయ్యో నెల

సావనీరు సంపాదకవర్గంలోని మిత్రుడొకడు నన్ను కాంటీనులో పట్టుకుని, "కొత్తగా చేరిన పిల్లలు కంప్యూటర్ ప్రోగ్రామింగ్ ఎందుకు నేర్చుకోవాలి, ఎట్లా మొదలుపెట్టాలి - దీని మీద నాలుగు పేజీలు రాసివ్వాలి" అన్నాడు. వారం రోజులు తప్పించుకు తిరిగాను. వినయం వల్ల కాదు. ఈ విద్యలో నా మొదటి పాఠం మా అమ్మ దగ్గర, అదీ తల దించుకుని, నేర్చుకున్నాను. దాన్ని అచ్చులో ఎక్కించడమా అని సంకోచించాను. చివరకు, నా అవమానం వల్ల ఇద్దరు జూనియర్లు బాగుపడితే అంతకంటే కావలసిందేముంది అనిపించి కలం పట్టాను.

మాది నాయుడుపేట. ఇక్కడి నుంచి శ్రీకాళహస్తి మీదుగా బస్సెక్కి, స్వర్ణముఖి పారిన దారినే పోతే వస్తుంది. చిన్నప్పుడు శ్రీహరికోటలో రాకెట్టు వదిలే రోజున మా వీధి వీధంతా మిద్దెలెక్కి ఆగ్నేయం వైపు చూస్తూ నిలబడేది. నిప్పుతోక కనిపించగానే చప్పట్లు. "అదంతా కంప్యూటరే నడుపుతాదంట రా" అని పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. అందువల్ల కంప్యూటరు చెప్పిందంటే ఇక తిరుగులేదన్న నమ్మకం నాకు చిన్నతనంలోనే నాటుకుపోయింది.

మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాననే అనుకున్నాను. నిజానికి బట్టీ పట్టాను. రికార్డు పుస్తకంలో ఉన్న ప్రోగ్రాములన్నీ సెమికోలన్లతో సహా కంఠస్థం. ప్రాక్టికల్ పరీక్షలో వచ్చిన ప్రశ్న నాకు కంఠతా వచ్చిందే కావడంతో మార్కులు దండిగా పడ్డాయి. ఆ మార్కులు జేబులో వేసుకుని దసరా సెలవులకు ఇంటికి పోయాను.

మా అమ్మ ఏళ్ల తరబడి వీధిలో చీటీ నడుపుతోంది. ఇరవై మంది ఆడవాళ్లు, ఇరవై నెలలు, నెలకు తలా 500 రూపాయలు. మొదటి నెల 10,000 పాట లేకుండా అమ్మ తీసుకుంటుంది. తర్వాత నెలనెలా పాట. ఎవరు ఎక్కువ వదులుకుంటే వాళ్లకు చీటీ. వదులుకున్న సొమ్ము ఇరవై మందికీ సమానంగా తగ్గుతుంది. ఉదాహరణకు ఏడో నెల పాట 1,500 దగ్గర నిలిచిందనుకోండి. తలా 75 తగ్గి ఒక్కొక్కరు 425 కడతారు. పాడినామెకు 8,500 ముడుతుంది. ఆఖరి నెల మిగిలింది ఒక్కరే కనుక పాట ఉండదు, తగ్గింపూ ఉండదు. రసీదులు లేవు, సంతకాలు లేవు. ఉన్నదల్లా ఒక పొడుగు నోటుపుస్తకం, అమ్మ మాట.

ఆ ఏడాది చీటీ ముగిశాక ఎదురింటి పిన్ని వచ్చి, "అక్కా, ఇరవై నెలలకు నేను మొత్తం ఎంత కట్టుంటాను?" అని అడిగింది. అమ్మ నోటుపుస్తకం చూసి "తొమ్మిదివేల నూరు" అంది. పక్కనే ఉన్న నాకు విద్య ప్రదర్శించుకునే అవకాశం దొరికింది. "ఉండు పిన్నీ, కంప్యూటర్లో వేసి చూపిస్తా" అని లాప్‌టాప్ తెరిచి, నెలనెలా పాటలో పోయిన సొమ్మంతా ఎక్కించి, పైథాన్‌లో పది వరుసల ప్రోగ్రాము రాశాను. 8,600 అని వచ్చింది.

ఇప్పటికీ ఆ క్షణం తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. నేను ఒక్క నిమిషం ఆగలేదు. గడప దగ్గర ఇంకో ఇద్దరు కూర్చుని ఉండగానే, "అమ్మా, నువ్వు ఐదొందలు ఎక్కువ రాశావు" అన్నాను.

పిన్ని ఏమీ అనలేదు. ముఖం మాత్రం మారింది. చీకటి పడేలోగా వీధిలో మాట పాకింది - "కంప్యూటర్లో ఏస్తే ఐదొందలు తేడా వచ్చిందంట. మనిషికి ఐదొందలంటే ఇరవై మందికి ఎంతయింది?" పదివేలు! ఇన్నేళ్లలో మా అమ్మ లెక్కను ఎవరూ వేలెత్తి చూపలేదు. చూపించింది నేను.

ఆ రాత్రి అమ్మ అన్నం తినలేదు. అందరూ పడుకున్నాక నోటుపుస్తకం తెచ్చి నా ముందు కూర్చుంది. కోపం లేదు. "తేడా ఎంత?" అంది. "ఐదొందలు" అన్నాను. "ముందూ వెనకా చిల్లర లేకుండా?" "లేకుండా." కొంచెంసేపు ఆలోచించి అన్నది కదా: "కూడికలో తప్పు జరిగుంటే యాభయ్యో, డెబ్బై ఐదో తేడా రావాల. కచ్చితంగా ఐదొందలు వచ్చిందంటే ఒక నెల నెలే యాడో పొయ్యుండాది. తొందరపడబాక. మొదటి నెల నుంచి ఒక్కొక్కటే నీ మిషను ఏం కూడిందో చదువు."

ప్రతి నెలా ఏం కూడుతున్నదీ తెర మీద అచ్చయ్యేటట్టు ఒక వరుస చేర్చాను. నేను చదువుతుంటే అమ్మ నోటుపుస్తకంలో టిక్కు పెడుతూ వచ్చింది. పంతొమ్మిదో నెల దగ్గర నా జాబితా అయిపోయింది. అమ్మ వేలు ఇరవయ్యో నెల మీద ఉంది. ఆ నెల ఐదొందలు.

తప్పు తెలిసిపోయింది. 1 నుంచి 20 దాకా లెక్కపెట్టమని నేను రాశాననుకున్నాను. పైథాన్‌లో రేంజ్ అనే మాటకు 1, 20 అని రెండంకెలు ఇస్తే అది 19తోనే ఆగిపోతుంది. నాయుడుపేట దాకా టిక్కెట్టు తీసుకుంటే కండక్టరు మనల్ని నాయుడుపేటలో దించుతాడు. పైథాన్ ముందు స్టాపులోనే దించేస్తుంది. అది దాని నియమం, దాని తప్పు కాదు. తెలుసుకోకుండా బస్సెక్కింది నేను. 21 అని మార్చగానే 9,100 వచ్చింది.

"ముగ్గు పుస్తకంలో పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా అని ఉంటే ఎనిమిదిని కూడా పెడతాం గదరా. నీ దానికి ఆ మాత్రం తెలీదా?" అంది అమ్మ. తెల్లవారి నన్ను ఇంటింటికీ పంపింది. పంతొమ్మిది ఇళ్లు తిరిగి తప్పు నాదేనని చెప్పి వచ్చాను. ఇరవయ్యో సభ్యురాలు మా అమ్మే. ఆమెకు ఆఖర్న చెప్పుకున్నాను.

మిత్రులారా, ఇక అసలు విషయానికి వస్తాను. ప్రోగ్రామింగ్ ఎందుకు నేర్చుకోవాలి అని అడిగితే అందరూ ఉద్యోగం అంటారు. ఉద్యోగం కావలసిందే, కాదనను. అయితే ఆ రాత్రి నాకు తోచింది వేరు. మనకు తెలుసుననుకున్న విషయం నిజంగా ఎంత తెలుసో నిగ్గుతేల్చే గీటురాయి ఇది. "దాకా" అనే చిన్న మాట పుట్టినప్పటి నుంచీ వాడుతున్నాను. అందులో చివరిది కలుస్తుందా కలవదా అని ఏనాడూ ఆలోచించలేదు. మనుషులతో మాట్లాడేటప్పుడు ఎదుటివాడు సర్దుకుంటాడు. యంత్రం సర్దుకోదు. చెప్పిందే చేస్తుంది, చెప్పాలనుకున్నది చేయదు.

ఈ సంగతి మా వీధికే పరిమితం కాదు. 1996 జూన్ 4న ఐరోపావాళ్ల ఏరియన్ 5 రాకెట్టు మొదటి ప్రయాణంలోనే నిమిషం కూడా గడవకముందు ఆకాశంలో పేలిపోయింది. పాత ఏరియన్ 4లో చక్కగా పనిచేసిన ప్రోగ్రాము ముక్కను కొత్త రాకెట్టులోనూ ఉంచారు. కొత్తది వేగంగా పోయేది కావడంతో అందులో ఒక అంకె, 16 బిట్ల గదిలో పట్టనంత పెద్దదైంది. ఆ గదిలో 32,767కు మించి పట్టదు. మానికలో పుట్టెడు వడ్లు పోసినట్టయింది. మహామహులకే అట్లా అయినప్పుడు, తప్పు చేయడానికి మనం సిగ్గుపడనక్కరలేదు. సరిచూసుకోకుండా నోరు జారడానికి సిగ్గుపడాలి.

సరే, ఎట్లా మొదలుపెట్టాలి? నాకు తోచింది చెబుతాను. మొదట, చేత్తో మీకు బాగా వచ్చిన పనిని ఎన్నుకోండి. పాలవాడి లెక్క, హాస్టల్ మెస్ బిల్లు, బస్సు ఛార్జీలు - ఏదైనా సరే. జవాబు ముందే తెలిసిన లెక్క అయితేనే యంత్రం తప్పు చెప్పినప్పుడు పట్టుకోగలరు. రెండోది, లాప్‌టాప్ తెరవకముందు ఆ పనిని అంచెలంచెలుగా తెలుగులో కాగితం మీద రాయండి. తెలుగులో రాయలేనిది పైథాన్‌లోనూ రాయలేరు. మన పూర్వ విద్యార్థుల్లో పెద్దవాళ్లను అడగండి. 80 కాలాల పంచ్‌కార్డుల మీద ఫోర్ట్రాన్ రాసిన తరం వాళ్లది. కార్డుల కట్ట అప్పగించి ఫలితం కోసం కాచుకోవలసిన రోజుల్లో, ముందు కాగితం మీద పదిసార్లు చూసుకోక తప్పేది కాదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో 1963లో ఐ.బి.ఎం. 1620 వచ్చాక ప్రొఫెసర్ వి. రాజారామన్ వంటివారు విద్యార్థులకు నేర్పిందీ ఆ పద్ధతిలోనే. ఆయన రాసిన చవక పుస్తకాలతో దేశంలో ఎన్నో వేలమంది ఈ విద్య మొదలుపెట్టారు. ఇప్పుడు జవాబు క్షణంలో వస్తుంది కనుక మనం ఆ ఓపిక పోగొట్టుకున్నాం.

మూడోది, అభ్యాసానికి మీ వాకిట్లో ముగ్గు చాలు. నవ్వకండి. తాంబరంలోని మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ గార్లు తమిళుల కోలాన్ని - అంటే మన చుక్కల ముగ్గునే - సూత్రాలతో గీయించే వ్యాకరణం మీద 1974లో పరిశోధన పత్రం అచ్చువేశారు. ఇప్పుడు మా అమ్మ చెప్పిన ముగ్గునే తీసుకోండి: పదిహేను చుక్కలు, ఎనిమిది వచ్చేదాకా, సందు చుక్కలు. నడుమ వరుసలో 15. దానికి పైనా కిందా 14, 13... ఇట్లా 8 వరకు. మొత్తం చుక్కలెన్ని? ముందు చేత్తో లెక్కపెట్టండి. తర్వాత ప్రోగ్రాము రాయండి. 169 వస్తే మీరు మొదటి మెట్టు ఎక్కినట్టు. 153 వచ్చిందా, నేను పడ్డ గుంటలోనే మీరూ పడ్డారు; ఎనిమిది చుక్కల వరుసలు రెండూ ఎగిరిపోయాయి.

నాలుగోది, తప్పు చూపించే ఎర్రక్షరాలను తిట్టుకోకుండా చదవండి. అవి ఏ వరుసలో తగాదా ఉందో చెబుతాయి. నా చీటీ ప్రోగ్రాములో ఒక్క ఎర్రక్షరం రాలేదు. నిశ్శబ్దంగా తప్పు జవాబిచ్చే ప్రోగ్రాము అంతకంటే ప్రమాదం. ఇక ఏ భాష మంచిది అని మూడు నెలలు తర్కించడం దండగ. ఏదో ఒకటి పట్టుకుని రోజుకొక గంట కూర్చోండి. ఒకటి ఒంటబట్టాక రెండోది సులువు.

"మేం సైన్సు గ్రూపు కాదు, ఇంగ్లీషు రాదు, ఇప్పటికే ఆలస్యమైంది" అనే మిత్రులకు ఒక మాట. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో 1937లో పుట్టిన డబ్బాల రాజగోపాల రెడ్డి గారు 1958లో గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో పట్టా పుచ్చుకున్నది సివిల్ ఇంజనీరింగ్‌లో. తర్వాత ఆస్ట్రేలియాలో చదివి, అక్కడే ఐ.బి.ఎం.లో పనిచేసి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందారు. యంత్రానికి మనిషి మాట అర్థమయ్యేటట్టు చేయడం మీద జీవితమంతా కృషి చేసి, 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. ఆసియాలో పుట్టినవారిలో ఆ గౌరవం మొదట దక్కింది ఆయనకే. రాజ్ రెడ్డి అంటే ప్రపంచానికి తెలుసు. మన బస్సు దారిలోని ఊరివాడని మనకే సరిగ్గా తెలియదు. ఆయన బడికి పోయే రోజుల్లో ఈ ప్రాంతంలో కంప్యూటరు మాటే ఎవరూ వినలేదు.

చివరి సందేహం. 2022 ఆఖరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి అడిగిన ప్రోగ్రామల్లా అదే రాసిస్తోంది కదా, ఇక మనకెందుకు ఈ శ్రమ అని మొన్న ఒక జూనియర్ అడిగాడు. మంచి ప్రశ్నే. నేనూ వాడుతున్నాను. కానీ ఆ రాత్రి ప్రోగ్రాము నేను రాసినా, అది రాసిచ్చినా, మా అమ్మ అడిగిన ప్రశ్న అడగవలసిందే - "ఒక్కొక్కటే ఏం కూడిందో చదువు" అని. ఆ ప్రశ్న అడగడం వచ్చినవాడి చేతిలో అది మంచి పనిముట్టు. రానివాడు తనవాళ్లనే దొంగలను చేయగలడు, నాలాగా.

కొత్త చీటీ మొదలైంది. ఈసారి లెక్కలు నేను రాసిన ప్రోగ్రాములోనే పడుతున్నాయి. ప్రతి నెలా ఎదురింటి పిన్ని ఫోనుకు కాగితం పోతుంది. నోటుపుస్తకం మాత్రం అమ్మ మానలేదు. నెలాఖరున రెండూ పక్కపక్కన పెట్టి సరిచూస్తుంది. "ఇప్పుడు తప్పు రావడం లేదు గదమ్మా, ఇంకా ఎందుకు?" అన్నాను మొన్న.

"ఇరవయ్యో నెల ఇంకా రాలేదు గదరా" అంది.