పంజాబు పెళ్ళిలో బంతి భోజనం

మన సంచికకు ఏదైనా రాయమంటే నాకు ఒక పెళ్ళి గుర్తొచ్చింది.

నాతో డిప్లొమా చదివిన మిత్రుడొకడు సిక్కుల అబ్బాయి. వాళ్ళ నాన్నగారు స్టీల్ ప్లాంట్ ఉద్యోగానికి వచ్చి ఉక్కునగరంలో స్థిరపడ్డారు. వాడి తెలుగు అచ్చం మన దువ్వాడ తెలుగే. 2019 ఫిబ్రవరిలో వాళ్ళ అక్క పెళ్ళి జలంధర్ దగ్గర సొంత ఊళ్ళో జరిగింది. "నువ్వు రాకపోతే మాట్లాడనురా" అన్నాడు. విశాఖ నుంచి అమృత్‌సర్ వరకు నేరుగా వెళ్ళే హిరాకుడ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. రెండు రాత్రులు రైల్లోనే గడిచాయి.

ఊరి చుట్టూ ఆవచేలు పసుపు పచ్చగా పూసి ఉన్నాయి. చలికి నా పళ్ళు టకటకలాడాయి. పెళ్ళి ముందురోజు పెళ్ళికూతురికి నలుగు పెట్టారు, మన దగ్గరలాగే. రాత్రి మేనమామ తరఫు ఆడవాళ్ళు దీపాలు పెట్టిన బిందెను తలమీద పెట్టుకుని, పాడుతూ ఊరంతా తిరిగారు. దాన్ని 'జాగో' అంటారు. పెళ్ళికూతురు వేసుకునే ఎర్రగాజులు 'చూడా' కూడా మేనమామే తేవాలట. మేనమామ లేనిదే అక్కడా పెళ్ళి లేదు!

మర్నాడు పొద్దున్నే మగపెళ్ళివారు దిగారు. ఎదుర్కోలును వాళ్ళు 'మిల్నీ' అంటారు. తండ్రి తండ్రికి, మామ మామకు దండ వేసి కౌగిలించుకుంటారు. అంతటితో ఊరుకోక ఒకరినొకరు పైకి ఎత్తేస్తారు.

పెళ్ళి గురుద్వారాలో. తలకు రుమాలు కట్టుకుని లోపలికి వెళ్ళాం. హోమం లేదు, తాళి లేదు, ముహూర్తం గొడవ లేదు. పెళ్ళికొడుకు భుజం మీది వస్త్రం కొసను తండ్రి కూతురి చేతికి అందించాడు. నాలుగో గురువు రామదాస్ రాసిన నాలుగు 'లావాఁ'లు ఒక్కొక్కటే చదివి, పాడుతుంటే, ఇద్దరూ గురు గ్రంథ్ సాహిబ్ చుట్టూ నాలుగుసార్లు తిరిగారు. అంతే, పెళ్ళయిపోయింది. ఈ పద్ధతిని ఆనంద్ కారజ్ అంటారు. 1909లోనే దీనికి చట్టం వచ్చింది.

తరువాత లంగర్. దీని గురించే రాయాలనుకున్నాను. అందరూ నేల మీద వరసగా కూర్చున్నారు. రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలి. ఆ వరసను 'పంగత్' అంటారు, అంటే మన పంక్తే. తనను చూడవచ్చిన వాళ్ళు ముందు పంక్తిలో కూర్చుని తినాలని మూడో గురువు అమర్‌దాస్ నియమం పెట్టారని చెబుతారు. మన హాస్టల్ వరండాలో కంచాలతో కూర్చున్నట్టే ఉంది. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక మోతుబరి ఇంటి పెళ్ళికి వెళ్తే మా వాళ్ళకు ఆఖరి బంతి, అదీ పశువుల పాక పక్కన. ఇక్కడ నాకు ఎడమపక్క పెళ్ళికొడుకు బాబాయి కూర్చున్నాడు. కడుపు నిండా తిన్నాను.

కుడిపక్క ఒక ముసలాయన. ఆ ఇంటి పొలంలో పనిచేస్తాడు. హిందీలో ఊరు అడిగాడు, తరువాత కులం అడిగాడు. చెప్పాను. ఆయన నవ్వి, "మనవాడివే. మా గురుద్వారా చెరువు అవతల ఉంది, రేపు రా" అన్నాడు.

వెళ్ళాను. చిన్న గది, అదే గ్రంథం, అదే హల్వా ప్రసాదం. గోడమీద రవిదాస్ పటం, పక్కన అంబేద్కర్. చెప్పులు కుట్టే కులంలో పుట్టిన రవిదాస్ పదాలు ఆ గ్రంథంలోనే ఉన్నాయి. రెండు గురుద్వారాల్లోనూ వాటికి తలవంచి మొక్కుతారు. 2011 లెక్కల్లో పంజాబు జనాభాలో దళితులు దాదాపు 32 శాతం. ఇంత శాతం మరే రాష్ట్రంలోనూ లేదు. అయినా చాలా ఊళ్ళలో గురుద్వారాలు వేరు, శ్మశానాలు వేరు. జలంధర్ పక్కనే ఉన్న తల్హణ్‌లో కమిటీలో చోటు అడిగినందుకు 2003లో పెద్ద గొడవలే జరిగాయి. ముసలాయన ఇవేమీ చెప్పలేదు. తరువాత చదివి తెలుసుకున్నాను. ఆయన టీ ఇచ్చి, మా హాస్టల్లో ఏం పెట్టేవారని మాత్రం అడిగాడు.

తిరుగు రైల్లో మిత్రుణ్ణి అడిగాను, ఊళ్ళో రెండు గురుద్వారాలు ఎందుకని. లూథియానా దాటేవరకు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

"నాకు ఊహ తెలిసినప్పటినుంచీ రెండున్నాయిరా. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. ఈసారి వెళ్ళినప్పుడు నాన్నను అడుగుతాను" అన్నాడు.