తొలేళ్ళకు ముందు కొన్ని పుటలు

సెప్టెంబరు 13, శనివారం
విజయనగరం

ఈ ఏడాది మా ఊరి పైడితల్లమ్మ సిరిమానోత్సవం అక్టోబరు 7న వచ్చింది. ముందురోజు తొలేళ్ళు. విజయదశమి వెళ్ళిన మొదటి మంగళవారం అమ్మవారి పూజారి కూర్చునే పొడవాటి మాను, సిరిమాను, తిరగాలి. మిగతా వేడుకలన్నీ ఆ రోజును చూసుకునే తేదీలు కుదుర్చుకుంటాయి. మా వీధి కమిటీ కూడా ఇవాళ అందుకే కూర్చుంది. మూడు కార్యక్రమాలు అనుకున్నాం: గురజాడ జయంతికి కన్యాశుల్కం చదవడం, నవరాత్రుల్లో హరికథ, పండగకు ముందు శనివారం తప్పెటగుళ్ళు.

కార్యక్రమాల కాగితం రాసుకొచ్చిన కుర్రాడు ఒక్కోదాని ఎదురుగా నిమిషాలు వేశాడు. హరికథ 45. తప్పెటగుళ్ళు 15. మధ్యలో పిల్లల సినిమా డాన్సులు. సన్మానాలకు మాత్రం గంట. మంచి పిల్లాడు, రాత్రీ పగలూ తిరిగి పనిచేస్తాడు. వాడు పుట్టాక చూసిన వేదికలన్నీ అలాగే నడిచాయి. నేను పట్టుబట్టాను. ఒక రోజుకు ఒకటే కళ, దానికి ఎంతసేపు కావాలో అంతసేపు. "జనం కూర్చోరు టీచర్‌గారూ" అన్నారు. కూర్చునేలా మనం ఎప్పుడైనా చేశామా అని అడిగాను. చాలాసేపు వాదించుకున్నాక ఒప్పుకున్నారు. చందాల పుస్తకం నా చేతికే వచ్చింది.

సెప్టెంబరు 16, మంగళవారం

గజపతినగరం అవతలి ఊరికి వెళ్ళాను. తప్పెటగుళ్ళ బృందం పెద్దాయన గొర్రెల్ని దొడ్లోకి తోలి అప్పుడే వచ్చాడు. నులకమంచం వాల్చి కూర్చోబెట్టాడు.

ఉత్తరాంధ్ర యాదవుల ఇళ్ళలో తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఆట ఇది. గుండ్రటి రేకు తప్పెట గుండెల మీద కట్టుకుంటారు, రెండు చేతులతో వాయిస్తారు, కాళ్ళకు గజ్జెలు. వాయించేవాడే పాడతాడు, పాడేవాడే ఆడతాడు. పక్కవాద్యం లేదు, తెర లేదు. పదిహేను ఇరవై మంది వలయం కట్టి గంగమ్మను తలుచుకుని మొదలుపెడతారు. తరవాత సారంగధరుడో, రామాయణమో, చెంచులక్ష్మో.

కిందటేడు ఒక పెద్ద వేదిక మీద తమకు జరిగింది చెప్పాడు. "గజ్జిలు కట్టుకోడానికే అరగంట పడతాదమ్మా. దణ్ణం పెట్టుకుని గంగమ్మ పాట ఎత్తుకున్నాం. అంతే, సాల్సాలు దిగండన్నారు." అతని గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ బాధేసింది.

అసలు విషయం ఆ పెద్దాయనే విడమరిచాడు. మొదటి అరగంట అడుగు నెమ్మది. వలయం కుదురుకోవాలి, కొత్త కుర్రాళ్ళ కాళ్ళు పాతవాళ్ళ కాళ్ళతో కలవాలి. ఆ తరవాతే కథ. కథ నడిచేకొద్దీ దరువు ముదురుతుంది. ఒకడి భుజాల మీద ఒకడు ఎక్కడం, తల మీద దీపంతో తిరగడం ఆ ఊపులో పుట్టుకొస్తాయి. పది నిమిషాలే ఇస్తే వాళ్ళు ఏం చేస్తారు? కథ వదిలేసి భుజాల మీదికి ఎక్కుతారు. చూసినవాళ్ళు తప్పెటగుళ్ళంటే కసరత్తు అనుకుని ఇంటికి పోతారు. మన పిల్లలకు ఈ ఆట అలాగే తెలుస్తోంది.

పల్లెలో అయితే తెల్లవార్లూ ఆడతారు. పట్నంలో రాత్రి పది దాటితే ఆరుబయట మైకులూ వాయిద్యాలూ కూడదు, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలున్నాయి. ఇళ్ళల్లో పసిపిల్లలు, ముసలివాళ్ళు ఉంటారు, ఆ నిబంధన ఉండవలసిందే. సంగతి చెబితే పెద్దాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అయితే పొద్దుండగానే ఎత్తేసుకుందామమ్మా." మధ్యాహ్నం మూడింటి నుంచి రాత్రి పదింటి దాకా ఖాయమైంది.

సెప్టెంబరు 21, ఆదివారం

గురజాడ జయంతి. పొద్దున ఆయన ఇంటికి వెళ్ళి పటానికి దండ వేసి వచ్చాం. సాయంత్రం గుడి మండపంలో చదివింపు.

1892లో కన్యాశుల్కం మొదటిసారి ఆడింది ఈ ఊళ్ళోనే, జగన్నాథ విలాసినీ సభ వాళ్ళు. 1897లో అచ్చయింది. 1909లో గురజాడ దాన్ని దాదాపు కొత్త నాటకంగా తిరగరాశారు. ఆ నాటకం తెర లేచేది మన బొంకులదిబ్బ మీదే. ఇంత దగ్గరి సంబంధం ఉండీ, మాకు తెలిసినదంతా గిరీశం, వెంకటేశం, చుట్ట. ప్రతి వార్షికోత్సవంలోనూ ఆ ముక్కే. నేను చివరి అంకం చదవాలన్నాను. మగవేషంలో వేశ్య మధురవాణి వకీలు సౌజన్యారావు పంతులు దగ్గరికి వచ్చే ఘట్టం.

మధురవాణి మాటలు చదివింది మా వీధి ఆటో అతని కూతురు, డిగ్రీ రెండో ఏడు. రెండు పేజీలు తడుముకుంది. మూడో పేజీకి పుస్తకం మీంచి తలెత్తి ఎదుటివాళ్ళను చూస్తూ అడగడం మొదలుపెట్టింది. ఆ అమ్మాయి ప్రశ్న వేసినప్పుడల్లా మండపంలో మగవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. నవ్వించే నాటకమని వచ్చినవాళ్ళు అది తమను నిలదీస్తుందని అనుకోలేదు. 1955 సినిమా ఎన్నోసార్లు చూసిన ఒకాయన, ఈ ఘట్టం పుస్తకంలో ఇంతుందా అని ఆశ్చర్యపోయారు. వచ్చే జయంతికి మొత్తం ఏడంకాలూ, వారానికొకటి చొప్పున, శ్రావణంలోనే మొదలుపెట్టాలని అనుకున్నాం. ఆ అమ్మాయి ముందే పేరిచ్చింది.

సెప్టెంబరు 24, బుధవారం

భాగవతారిణిగారితో ఫోన్లో మాట్లాడాను. కపిలేశ్వరపురం హరికథా పాఠశాలలో నేర్చుకున్నారావిడ. ఏ కథ కావాలని అడగలేదు, ఎంతసేపు అని అడిగారు. కథ అయ్యేదాకా అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తరవాత, "అయితే నారాయణదాసుగారి రుక్మిణీ కల్యాణం చెబుతానమ్మా. ఆయన ఊళ్ళో ఆయన కథే" అన్నారు.

భోజనాల సంగతి కూడా ఇవాళే తేలింది. హోటల్ నుంచి పొట్లాలు తెప్పిద్దామని కొందరన్నారు. ఒకావిడ లేచి, మన ఊరు కళాకారులకు పొట్లాలు పంచే ఊరా అని అడిగింది. ఆవిడ మాట నిజం. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్‌ని చేశారు. శిష్యుడిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ విని అధ్యాపకుడిగా వేసుకున్నారు. కళాశాల గొప్పదనం అందరూ చెబుతారు. చదువుకోవడానికి వచ్చిన ఘంటసాల జోలె పట్టి మధూకరం చేసుకుంటూ పాట నేర్చుకున్నారని, ఆ అన్నం ఈ వీధుల్లోని గుమ్మాలదేనని అంత తరచుగా చెప్పరు. కళాశాలను రాజుగారు పెట్టారు, నడుం వాలకుండా నిలబెట్టినవాళ్ళలో ఆ వంటిళ్ళ ఆడవాళ్ళున్నారు.

తప్పెటగుళ్ళవాళ్ళు పద్దెనిమిది మంది. ఇంటికి ఇద్దరు చొప్పున తొమ్మిది ఇళ్ళు. అక్కడికక్కడే పదకొండు ఇళ్ళు ముందుకొచ్చాయి.

సెప్టెంబరు 29, సోమవారం

మూలా నక్షత్రం. పిల్లలు సరస్వతీదేవి ముందు పుస్తకాలు పెట్టారు. నిన్నటి హరికథ నిద్రలోనూ వదల్లేదు.

ఆరున్నరకు మొదలైంది. పట్టుచీర నడుముకు బిగించి, మెడలో పూలదండ, కాలికి గజ్జె, చేతిలో చిడతలు. ఒకవైపు వయొలిన్, ఒకవైపు మృదంగం. ఒక్క మనిషి రుక్మిణి అయింది, రుక్మి అయింది, అగ్నిద్యోతనుడై ద్వారకకు నడిచింది. ఎనిమిదింటికి సగం మంది లేచి వెళ్ళారు. కమిటీవాళ్ళు నా వైపు చూశారు. నేను కదల్లేదు. తొమ్మిదికి చాలామంది అన్నాలు తిని, పడుకోబెట్టిన పిల్లల్ని భుజాన వేసుకుని మళ్ళీ వచ్చారు. అలా లేచి, తిని, వచ్చి కూర్చోవడానికి వీలున్న కళ అది. టిక్కెట్టు కొన్న హాలులాగా దాన్ని చూడడమే మనం చేస్తున్న పొరపాటు.

నడుమ ఆవిడ పిట్టకథ ఎత్తుకున్నారు. కట్నం బేరం కుదరక పీటల మీంచి లేచిన పెళ్ళికొడుకు కథ. మొదటి వరసలో ఒక తాతగారిని పేరడిగి, ఆయన్నే కథలో పెళ్ళిపెద్దను చేశారు. వీధి వీధంతా పొట్ట పట్టుకుంది. నవ్వు ఆగకముందే రుక్మిణి ఉత్తరం అందుకున్నారు. తన పెళ్ళి గురించి తన మాట తానే రాసి పంపిన పిల్ల. పిట్టకథ వెనకాల ఉండడం వల్ల ఆ ఉత్తరం ఎంత పదునుగా వినిపించిందో! నలభై అయిదు నిమిషాల హరికథలో మొదట ఎగిరిపోయేది పిట్టకథే. అది పోతే పురాణం మిగులుతుంది, వీధి మాయమవుతుంది.

మంగళం పాడేసరికి పది కావడానికి అయిదు నిమిషాలుంది. హారతి పళ్ళెం నిండింది. కాగితం రాసిన కుర్రాడు మృదంగం పెట్టెను తనే మోసుకెళ్ళి బండిలో పెట్టాడు.

అక్టోబరు 2, గురువారం

విజయదశమి. వాయుగుండం, హోరుగాలి, వాన. జమ్మి పూజకు గొడుగుల్లో వెళ్ళి వచ్చాం. తప్పెటగుళ్ళు ఆడాల్సిన మైదానంలో నీళ్ళు నిలిచాయి. పెద్దాయనకు ఫోన్ చేస్తే, "తోలు వాయిద్యమైతే బెంగెట్టుకోవాల. రేకుకేటవుద్దమ్మా, తుడిసేత్తాం" అన్నాడు. గజ్జెకాలు జారకూడదు కాబట్టి ఇసుక మాత్రం తోలించమన్నాడు. రెండు ట్రాక్టర్ల ఇసుక చెప్పాం.

అక్టోబరు 4, శనివారం, ఉదయం

వాన తెరిపి ఇచ్చింది. హుకుంపేటలో సిరిమానుకు మెరుగులు దిద్దుతున్నారని పాలబ్బాయి చెప్పాడు. మూడులాంతర్ల దగ్గర అమ్మవారి చదురుగుడి ముందు నుంచి కోట దాకా కర్రలు పాతుతున్నారు. పల్లెల నుంచి చుట్టాలు దిగడం మొదలైంది. మా ఇంటికే ఇద్దరు వదినలు వచ్చారు. వాళ్ళనూ ఆటకు రమ్మన్నాను.

ఇసుక పరిచారు. మధ్యలో వేదిక కట్టవద్దన్నాను. వలయం నేల మీదే తిరగాలి, జనం చుట్టూ కూర్చోవాలి. కుర్చీలు ముసలివాళ్ళకు, తక్కినవాళ్ళకు చాపలు. సన్మానం ఆట అయ్యాకే, పద్దెనిమిది మందికీ, ఒక్కొక్కరి పేరూ చదివి. కన్యాశుల్కం చదివిన అమ్మాయి సారంగధర కథ ముందుగా చెప్పి పెట్టమంది. చెప్పను, అక్కడే విను అన్నాను.

వాళ్ళ వ్యాను పదకొండింటికి వస్తుంది. పన్నెండింటికి తొమ్మిది ఇళ్ళల్లో విస్తళ్ళు వేయాలి. మిగిలిన రెండిళ్ళవాళ్ళు అలిగారు. వాళ్ళకు సాయంత్రం టీ, పకోడీలు అప్పగించాను. బోర్డు మీద కుర్రాడు సుద్దముక్కతో రాశాడు: తప్పెటగుళ్ళు, సారంగధర, మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 10. కిందన ఇంకే పేరూ లేదు.