లైటు వెలగలేదంటే ఖైరియతేనా?

"ఫికర్ మత్ కరో భాయ్‌జాన్, టైరు లైటు వెలగలేదు కదా" అంటాడు మా తమ్ముడు. ఆ లైటు మీద అంత ఇత్మినాన్ నాకు నచ్చదు.

అమెరికాలో 2007 నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ టీపీఎంఎస్ లాజిమ్. అక్కడి కానూన్ ప్రకారం గాలి 25 శాతం తగ్గితే లైటు రావాలి. అంటే 32 ఉండాల్సిన టైరు 24కు దిగేదాకా అది ఖామోష్‌గా ఉండొచ్చు. మే నెల ఎండలో, కారు నిండా ఖాందాన్‌తో, డిక్కీలో షాదీ సామానుతో మదనపల్లె నుంచి భాకరాపేట ఘాట్ దిగేవాళ్లకు ఆ తేడా చిన్నది కాదు. గాలి తగ్గిన టైరు వంగి వంగి లోపల్లోపలే వేడెక్కుతుంది.

అందుకే గేజి కొనుక్కోండి. నెలకోసారి, ఫజర్ అయ్యాక, కారు కదలకముందే చూడండి. నడిచిన టైరు వేడికి ఎక్కువ చూపిస్తుంది. ఎంత పట్టాలో సాధారణంగా డ్రైవర్ తలుపు దగ్గర చీటీ మీద ఉంటుంది. ఫుల్ లోడుకు లెక్క వేరు. స్టెపినీనీ చూడండి, చాలా కార్లలో దానికి సెన్సరే ఉండదు.

కొన్ని కార్లకైతే ఏ చక్రానికీ ఉండదు. చక్రాల తిరుగుడులో తేడాను బట్టి పసిగడతాయి. నాలుగూ ఒకేలా తగ్గితే వాటికి తెలియకపోవచ్చు. గాలి పట్టించాక రీసెట్ కూడా చేయాలి.

లైటు కాసేపు మినుకుమినుకుమని ఆపై ఆగకుండా వెలిగితే సిస్టమే ఖరాబ్ అయిందని. సెన్సర్ బ్యాటరీ ఐదు నుంచి పదేళ్లకు ఖతం, మామూలుగా సెన్సరే మార్చాలి. పంచర్ షాపు చాచాకు "వాల్వు దగ్గర సెన్సర్ ఉంది, రాడ్ జాగ్రత్త" అని ముందే చెప్పండి. చెప్పకుండా విరిగితే ఖుసూర్ ఆయనది కాదు.